కంభం చెరువుకు సైకిళ్లమీద వెళ్లేవాళ్లు ముందు నీటిమట్టం కనుక్కోండి

సంపాదకులకు నమస్కారం.

వానలు గట్టిగా పడి కంభం చెరువుకు నీళ్లు చేరాయని జిల్లా పేజీలో ఫొటో పడితే చాలు, ఆ శని ఆదివారాలకే ఒంగోలు, కావలి, నెల్లూరు కుర్రాళ్లు గేర్ సైకిళ్లు బయటికి తీస్తున్నారు. రెండు కొండల నడుమ నిండిన చెరువు, కట్ట కింద మట్టిదారులు, పడమట నల్లమల. కొండదారి సైకిల్‌కు మన వైపు ఇంతకంటే మంచి చోటు లేదని మేమూ అంటాం. అయితే చాలామంది మ్యాపులో కిలోమీటర్లు లెక్కేసుకుని, అదే ప్లాను అనుకుని వచ్చేస్తున్నారు. ఈ యాత్రలో కిలోమీటర్లు చివర చూడాల్సిన లెక్క. చెరువులో నీళ్లెంతవరకు ఉన్నాయి, నేల ఆరిందా, ముళ్లకు టైరు తట్టుకుంటుందా, ఏ బాట అడవిశాఖ కిందికి వస్తుంది, ముందు తేలాల్సినవి ఇవి. ఉత్తరం కాస్త పొడుగైనా, సీజను మొదలవకముందే అచ్చువేయమని మనవి.

చెరువు తీరు తెలిస్తే ప్లాను సగం తేలిపోతుంది. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండలు దగ్గరపడ్డ సందులో కట్ట వేసి ఆపిన నీళ్లివి. కట్ట ఎత్తు 57 అడుగులు. నిండితే చెరువు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2020లో ఐసీఐడీ, అంటే నీటిపారుదల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ, దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు, కేసీ (కర్నూలు–కడప) కాలువ కూడా అదే ఏడాది ఆ జాబితాలో చేరాయి. కట్ట ఉన్నది కొండ సందుకు మాత్రమే. మిగతా ఒడ్డంతా కొండపాదాలు, పొలాలు. అందుకని చెరువు చుట్టూ తిరిగి వచ్చే దారి ఒకటి ఉంటుందనుకుని రావద్దు. కట్ట దిగువన ఆయకట్టు పొలాలకు పోయే బండిదారులు ఉంటాయి. ఎగువన నీళ్లు తగ్గిన మేరకు చెరువు గర్భంలో బయటపడే బాటలు ఉంటాయి. కొండవారన గొర్రెలు, మేకలు నడిచిన కాలిబాటలు ఉంటాయి. మూడింటికీ వేరువేరు లెక్కలు.

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం చూసి దారి గీసుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. ఆ చిత్రం ఎండాకాలంలోనో నీళ్లు రాని ఏడాదిలోనో తీసిందైతే చెరువు గర్భంలో తెల్లటి గీతలు కనిపిస్తాయి. అవి ట్రాక్టర్లు, బండ్లు తిరిగిన బాటలు. వాటిని కలుపుకుంటూ గీస్తే తెరమీద చక్కటి చుట్టుదారి తయారవుతుంది. నవంబరులో అక్కడికి చేరితే ఆ గీత నిలువెత్తు నీళ్లలో ఉంటుంది. మునగని చోట కూడా పైన ఎండి బీటలు వేసిన ఒండ్రు, కింద బురద. సైకిల్ చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. కాబట్టి గీసుకున్న దారిని ఒకే తేదీ చిత్రంతో సరిపెట్టుకోకుండా, పాత తేదీల చిత్రాలు చూపించే సదుపాయం ఉన్న యాప్‌లో కనీసం మూడు నాలుగు ఏళ్ల చిత్రాలతో పోల్చాలి. ఏ చిత్రంలోనైనా నీళ్ల కింద కనిపించిన బాటను ప్లాన్‌లోంచి తీసేయడమే. చెరువు నిండిన ఏడాది అసలు దారి అంటే కట్ట దిగువ ఆయకట్టు దారులు, ఊళ్లను కలిపే మట్టిరోడ్లు. బయల్దేరే రెండు రోజుల ముందు కంభంలో తెలిసినవాళ్లెవరికైనా ఫోను చేసి మూడు మాటలు అడగండి. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి? అలుగు పారుతోందా? చప్టాలమీద నీళ్లున్నాయా?

చప్టా సంగతి ఇంకాస్త చెప్పాలి. చప్టామీద నీళ్లు పారుతుంటే, కింద సిమెంటు కనబడకపోతే, తొక్కుకుంటూ పోవద్దు. అంచు ఎక్కడుందో తెలియదు, వరదకు మధ్యలో కొట్టుకుపోయిన ముక్క ఉందో లేదో తెలియదు. సైకిల్ పక్కన నడిపించుకుంటూ పోవడం ఇంకా ప్రమాదం. 29 అంగుళాల చక్రం ప్రవాహానికి అడ్డంగా నిలబడి మనిషిని కూడా లాగేస్తుంది. మోకాలికి తక్కువ నీళ్లే అయినా వడి ఉంటే వెనక్కి తిరగాలి. నిలకడ నీళ్లలో దిగినా ఇరుసు మునిగిందంటే హబ్బులోకి, పెడల్ ఇరుసులోకి నీళ్లు పోతాయి. ఇంటికొచ్చాక విప్పి గ్రీజు మార్చకపోతే నెల తిరిగేసరికి గుండ్లు తుప్పుపట్టి గరగరమంటాయి.

కాలం విషయానికొస్తే నవంబరు నడుమనుంచి ఫిబ్రవరి వరకు మంచిది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఆ వారం మానుకోవడమే. మార్చి దాటితే పశ్చిమ ప్రకాశం ఎండ సైకిల్‌కు పనికిరాదు. వాన వెలిసిన మర్నాడే బయల్దేరడం మరో పొరపాటు. ఇక్కడ ఎర్రనేల ఉన్నచోట ఒక రోజు ఎండకు గట్టిపడుతుంది. నల్లరేగడి అలా కాదు. రెండు మూడు రోజుల గట్టి ఎండ తగలాలి. తడి రేగడిలో పది గజాలు పోయేసరికి టైరు రెండింతలవుతుంది. ఫోర్కు వంపు కింద, వెనక ఫ్రేము సందులో మట్టి కూరుకుని చక్రం తిరగదు. అప్పుడు బలంకొద్దీ పెడల్ తొక్కితే మట్టి పట్టిన చైను గేరు మార్చే వెనక భాగాన్ని, అంటే డిరేలర్‌ను, లాగి చక్రం పుల్లల్లోకి తోస్తుంది. డిరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, అంటే హ్యాంగర్, విరుగుతుంది. ఒక్కొక్కసారి రెండు మూడు పుల్లలు కూడా తెగుతాయి. చక్రం బిగుసుకున్నట్టు అనిపించగానే దిగాలి. పుల్లతో మట్టి గీకి, గడ్డి ఉన్న గట్టుమీదుగా సైకిల్‌ను ఎత్తుకుని ఆ మడుగు దాటాలి.

ఇక ముళ్లు. ఈ యాత్రను చెడగొట్టేవాటిలో మొదటిది ఇదే, దీనిమీద ఎంత చెప్పినా తక్కువే. మన మెట్టదారుల అంచున పల్లేరు పరుచుకుని ఉంటుంది. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది. టైరుకు ఒకేసారి పదీ పన్నెండు గుచ్చుకుంటాయి. రెండోది చిల్లకంప, సర్కారు తుమ్మ అన్నా అదే. కట్టలవెంట, కాలవగట్లమీద, బీళ్లలో ఎక్కడ చూసినా ఇదే. పొలానికి అడ్డంగా కొట్టి వేసిన కంప ఎండి, బండి చక్రాల కింద నలిగి, దారి దుమ్ములో ముళ్లు దాగి ఉంటాయి. ఈ ముల్లు టైరునూ ట్యూబునూ దాటి అవతలి గోడకు కూడా తగలగలదు. అందుకే చిల్లకంప పంక్చర్‌లో ఒక రంధ్రానికి అతుకు వేసి ఊరుకుంటే గాలి మళ్లీ దిగుతుంది. ట్యూబుకు ఎదురువైపు రెండో రంధ్రం ఉందేమో నీళ్లలో ముంచి చూడాలి.

ట్యూబులేని టైరు వేయించుకోగలిగితే ఈ నేలకు అదే సరైనది. 29 ఇంటు 2.25 అంగుళాల టైరుకు ఒక్కోదానికి 100 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే రంధ్రాలు పూడ్చే ద్రవం, పోయాలి. పల్లేరు ముల్లు పీకి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఉంచితే ద్రవం లోపలినుంచి పూడ్చేస్తుంది. మన ఎండలకు ఈ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండి రబ్బరు ఉండలవుతుంది. ఎప్పుడో పోయించాం, ఇంకా ఉంటుందిలే అనుకుని బయల్దేరడం దండగ. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్లు అలికిడి చేయాలి. చప్పుడు లేకపోతే మళ్లీ పోయాలి. పెద్ద చీలికకు సీలెంట్ చాలదు. కారు ట్యూబులెస్ టైరుకు వాడే జిగురు స్ట్రిప్‌లో సన్నరకం సైకిళ్లకూ దొరుకుతుంది. అవి అరడజను, గుచ్చే సూది ఒకటి జేబులో ఉండాలి.

ట్యూబులతోనే వెళ్లేవాళ్లు తలకు రెండు ట్యూబులు పెట్టుకోవాలి. ముల్లు కనబడగానే దారిమధ్యలో పీకవద్దు. కొన్నిసార్లు ముల్లే రంధ్రాన్ని పట్టి ఉంచుతుంది. నీడకు చేరాక, అతుకు సరంజామా తీశాక పీకండి. పీకాక టైరు లోపల వేళ్లతో కాకుండా గుడ్డతో చుట్టూ తుడవాలి. విరిగి లోపల ఉండిపోయిన మొన గుడ్డకు తగులుకుంటుంది. ఆ పని చేయకపోతే కొత్త ట్యూబు వేసిన ఐదు నిమిషాలకే మళ్లీ చప్పబడుతుంది. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక కొన్నాళ్లకు లోపలే గడ్డకడుతుంది, కాబట్టి బయల్దేరేముందు నొక్కి చూడాలి, లేదా కొత్తది కొనాలి. పంక్చర్ వేసేటప్పుడు సొల్యూషన్ రాసి వెంటనే అతుకు వేస్తే ఊడిపోతుంది. తడి మెరుపు పోయి మసకబారేదాకా, నాలుగైదు నిమిషాలు ఆగాలి.

మార్కాపురం పలకలకు పేరుపడ్డ ప్రాంతం. పలకరాయి వ్యర్థాలు గుంతలు పూడ్చడానికి పోసినచోట టైరు పక్కగోడ జాగ్రత్త. ఆ ముక్కల అంచు బ్లేడులా ఉంటుంది. టైరు అడుగుకు ఏమీ కాదు, పక్కన వేలెడు చీలుతుంది. అది ద్రవంతో పూడదు. పాత టైరు పక్కగోడ ముక్క అగ్గిపెట్టె అంత కత్తిరించి పెట్టుకోవాలి. చీలిక లోపలివైపు దాన్ని ఆనించి, ట్యూబు వేసి, గాలి తక్కువ కొడితే ఊరు చేరుకోవచ్చు. అదీ లేకపోతే నీళ్ల సీసా ప్లాస్టిక్ ముక్క మడిచి పెట్టినా ఒక పూట గడుస్తుంది.

గాలి ఎంత కొట్టాలన్నది బరువునుబట్టి ఉంటుంది. 70 కిలోల మనిషికి, 2.25 టైరుకు, ట్యూబులేకపోతే ముందు 22 నుంచి 24 పీఎస్ఐ (గాలి పీడనం కొలత), వెనక 25 నుంచి 27. ట్యూబుతో అయితే ముందు 28, వెనక 32 దాకా. ఇంకా తగ్గిస్తే రాయి అంచుకు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ఎక్కువ కొడితే ఎర్రమొరంమీద గులకరాళ్లకు చక్రం జారుతుంది. తారురోడ్డుమీద బరువుగా అనిపిస్తోందని 50, 60 కొట్టి, మట్టిదారిలో దిగినా అలాగే ఉంచేవాళ్లు మలుపుల్లో పడుతున్నారు. తారు వదిలేచోట ఆగి గాలి తగ్గించుకోవడం ప్లాన్‌లో రాసుకోవాలి. గేజి ఐదొందల లోపే దొరుకుతుంది, బొటనవేలితో నొక్కి చూసే అంచనా ఈ పీడనాల దగ్గర పనికిరాదు.

ఏ సైకిలని అడిగేవాళ్లకు మా మాట: ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది చాలు, 100 మిల్లీమీటర్లు దిగే ఫోర్కు చాలు. వెనక కూడా స్ప్రింగు ఉండి పది పన్నెండు వేలకు వచ్చేవి చూడ్డానికి బాగుంటాయి గాని బరువు 18 కిలోలకు తక్కువుండవు. కీలు త్వరగా వదులవుతుంది, ఎక్కేటప్పుడు తొక్కిన బలంలో కొంత స్ప్రింగే తినేస్తుంది. ఆ డబ్బుకు స్ప్రింగు లేని మంచి ఫ్రేము, మంచి బ్రేకులు వస్తాయి. గాలి ఫోర్కు ఉన్నవాళ్లు సామాను కట్టుకుని కూర్చుంటే అది 20 నుంచి 25 మిల్లీమీటర్లు దిగేలా సరిచేసుకోవాలి. ఖాళీగా కూర్చుని సరిచేసుకుని, తర్వాత వీపుమీద ఐదు కిలోలు వేసుకుంటే లెక్క తప్పుతుంది.

చైను అరుగుదల ఒక స్కేలుతో చూడొచ్చు. ఒక పిన్ను నడుమనుంచి 12 అంగుళాల దూరంలో మరో పిన్ను నడుము సరిగ్గా ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే 11, 12 గేర్ల చైను మార్చే సమయమైంది. ఎనిమిదో వంతు సాగితే ఏ చైనైనా పళ్లను కూడా తినేసి ఉంటుంది. చైను కొత్తదివేసి పళ్లు పాతవి ఉంచితే ఎక్కుడులో చైను జారుతుంది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. అందుకే కొత్త చైను బయల్దేరే ముందురోజు వేయించకండి, వారం ముందే వేయించి ఒక ఎక్కుడుమీద గట్టిగా తొక్కి చూడండి. బ్రేకు ప్యాడు పూత ఒక మిల్లీమీటరుకు దిగితే మార్చేయాలి. హైడ్రాలిక్ బ్రేకులున్నవాళ్లు రవాణాకు చక్రం ఊడదీసినప్పుడు ప్యాడ్ల నడుమ మందపాటి అట్టముక్క మడిచి పెట్టండి. బండిలో ఎవరైనా లీవరు నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి, డిస్కు మళ్లీ దూరదు.

కంభం, మార్కాపురం, గిద్దలూరుల్లో సైకిల్ షాపులున్నాయి కదా అనే ధైర్యం వద్దు. అక్కడ దొరికేవి మామూలు సైకిల్ సామాన్లు. 29 ట్యూబు, సన్న వాల్వు, 11 గేర్ల చైను లింకు, మీ ఫ్రేముకు మాత్రమే సరిపోయే హ్యాంగర్ దొరుకుతాయని నమ్ముకోవద్దు. సన్న వాల్వు ఉన్న టైరుకు పెట్రోలు బంకులో గాలి పట్టదు. దానికి ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వు మూతకిందే బిగించి ఉంచుకోవాలి. నలుగురు కలిసి వెళ్తుంటే పంపులు రెండు, టైరు లీవర్లు నాలుగు, చైను కట్టర్ ఒకటి, ఎవరి చైనుకు తగిన లింకులు వాళ్లవి రెండేసి, ఎవరి హ్యాంగర్ వాళ్లది, గేరు లోపలి తీగ ఒకటి, బిగించి కట్టే ప్లాస్టిక్ జిప్ టైలు పది, పంపుకు చుట్టిన టేపు రెండు గజాలు. నలుగురివీ ఒకే సైజు చక్రాలైతే సామాను సగమవుతుంది, జట్టు కట్టేటప్పుడే అది చూసుకోవడం మేలు.

ఒంగోలునుంచి పొదిలి, మార్కాపురం మీదుగా కంభం వంద కిలోమీటర్లు దాటుతుంది. నెల్లూరు వాళ్లకు ఇంకా దూరం. ఆ దూరమంతా తారురోడ్డుమీద కొండ టైర్లతో తొక్కి, చెరువు దగ్గర కాళ్లు చచ్చుబడి దిగడంలో అర్థం లేదు. కంభం అనంతపురం–గుంటూరు 544డి జాతీయ రహదారిమీద ఉంది, లారీలు ఎక్కువ. సైకిళ్లను కంభం దాకా బండిలో తెచ్చుకుని, అక్కడినుంచి తొక్కండి. కారు వెనక స్టాండుకు కడితే నంబరు ప్లేటు, వెనక లైట్లు కనబడాలి. కింద చక్రం పొగగొట్టానికి ఎదురుగా వస్తే టైరు కరుగుతుంది, కనీసం రెండడుగుల ఎడం ఉండాలి. బస్సు డిక్కీలో వేయాలంటే చక్రాలు ఊడదీసి, డిరేలర్ పైకి ఉండేలా పడుకోబెట్టాలి. పెడళ్లు విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర ఎదురు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక బలం పెట్టి క్రాంకు మర పాడుచేసినవి బాగుచేతకు తరచూ వస్తుంటాయి. గుంటూరు–నంద్యాల లైనుమీద కంభంలో స్టేషనుంది. రైల్లో తెచ్చేవాళ్లు సైకిల్‌ను బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలు సామాను పెట్టెలో, బుక్ చేయాలి. దిగే స్టేషన్‌లో సామాను దించే ఏర్పాటు ఉందో లేదో ఎక్కే స్టేషన్‌లోనే రాబట్టండి. చిన్న స్టేషన్‌లో రైలు ఆగేది కొద్ది నిమిషాలే, సైకిల్ దిగకపోతే నంద్యాల పోతుంది.

అడవి సంగతిలో మొహమాటం లేకుండా చెబుతాం. పడమటికి పోయేకొద్దీ అది నల్లమల. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అటే ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడం నేరం. రిజర్వు అడవికి వేరే చట్టం ఉంది. కొండవార బాటల్లో ఏది ఎవరి పరిధిలోకి వస్తుందో మ్యాపు చూసి చెప్పలేం. ఫారెస్టు రేంజి ఆఫీసులో వారం ముందే కాగితంమీద దారి గీసి చూపించి, కాదన్న బాటను వదిలేయాలి. చట్టం అటుంచితే, ఎలుగుబంట్లు తిరిగే కొండలివి. సైకిల్ చప్పుడు లేకుండా, వేగంగా మలుపు తిరుగుతుంది. ఎలుగుకు మన రాక తెలిసే సమయం ఉండదు, ఉలిక్కిపడ్డ ఎలుగు పారిపోదు, మీద పడుతుంది. పొద్దు పొడవకముందు, పొద్దు వాలాక కొండవారన తిరగవద్దు. పగలు కూడా పొద మలుపుల్లో గంట కొడుతూ పోవాలి. చీకటిపడ్డాక పొలాలకు అడ్డంపడి దగ్గరదారి పట్టడం అసలు వద్దు. అడవిపందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లు ఉన్నారు. అది లైటు వెలుగులో కూడా కనబడదు.

నీళ్లు మనిషికి మూడు లీటర్లతో బయల్దేరాలి. చలికాలమైనా మన వైపు గంటకు అర లీటరునుంచి ముప్పావు లీటరు తాగాల్సి వస్తుంది, నాలుగైదు గంటల దారికి ఈ లెక్క సరిపోతుంది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు రాదు, తల దిమ్ముగా ఉండి వాంతి వచ్చినట్టు అవుతుంది. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు, లేదా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచినవి. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఒక పూట తాగితే ప్రాణం పోదు గాని ఊళ్లో క్యాను నీళ్లు దొరుకుతుండగా బోరు దగ్గర నింపుకోనక్కరలేదు. చెరువు నీళ్లు మాత్రం తాగవద్దు. మాత్ర వేసినా, కాచినా క్రిములు చస్తాయి, పొలాలనుంచి వచ్చి చేరిన మందులు పోవు. తిండికి ఖరీదైన ప్యాకెట్లు అవసరం లేదు. అరటిపళ్లు, పల్లీ చిక్కీ, నువ్వుల చిమ్మిలి చాలు. ఆకలయ్యాక తినడం కాకుండా, ముక్కాలు గంటకొకసారి వాచీ చూసి కాస్త తినాలి. ఆకలి తెలిసేసరికి కాళ్లలో సత్తువ పోయి అరగంట అయి ఉంటుంది. ఒకతను మాట తడబడుతూ, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతుంటే అది అలసట అనుకోవద్దు. అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ, 108కి ఫోను చేయాలి. పాము కాటైతే కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలనివ్వకుండా ప్రభుత్వ ఆసుపత్రికి. తూముల దగ్గర, గడ్డి పెరిగిన గట్లమీద సైకిల్ పడుకోబెట్టేముందు ఒకసారి నేల చూడండి.

రోజు లెక్క ఇలా వేసుకోండి. తారుమీద గంటకు 16, గట్టి మట్టిదారిలో 10, రాళ్లబాటలో 6, తోసుకుపోయేచోట 3 కిలోమీటర్లు. పంక్చర్ ఒక్కోదానికి 20 నిమిషాలు, నలుగురికి కలిపి మూడైనా అవుతాయనుకోండి. ఇలా లెక్కేస్తే పగలంతా కలిపి 35 కిలోమీటర్లకు మించి పెట్టుకోకూడదని మీకే తెలుస్తుంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నర దాటాక వెలుతురు త్వరగా తగ్గిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది ముందే ఒప్పుకుని రావాలి, అక్కడికొచ్చి వాదించుకోకూడదు. ముగ్గురికి తక్కువ వద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుండాలి, ఒకరు రోడ్డుదాకా పోవాలి. కొండల వెనక సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపు ఫోన్‌లో దించుకుని, అదే దారి కాగితంమీద గీసి ఇంట్లో ఒకరికిచ్చి రండి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తున్న విషయం. కట్టను కొందరు పందెపు దిగుడులా వాడుతున్నారు. పైనుంచి కిందికి కట్ట వాలుమీద సైకిల్ దించడం, వీడియో తీసుకోవడం. నీటివైపు పేర్చిన రాయిమీద బ్రేకు పట్టి జారితే రాళ్ల సందు మట్టి కదులుతుంది. అల తగిలేచోట ఒక రాయి ఊడితే దాని వెనక మట్టిని నీళ్లు లాగేస్తాయి, పక్క రాయికి ఆసరా పోతుంది. పొలం వైపు వాలు ఇంకా నాజూకు. తడినేలమీద టైరు రెండంగుళాల లోతు గాడి పెడుతుంది. ఆ గాడి నిట్టనిలువుగా కిందికి ఉంటుంది. తర్వాతి వానకు కట్టమీది నీళ్లన్నీ పరుచుకుని దిగడం మానేసి ఆ గాడిలో చేరతాయి. ఆ ధార నాలుగు వానలకు గాడిని జానెడు లోతు కోస్తుంది. గండ్లకు మొదలు ఇలాంటివే. కట్ట కింద వేల ఎకరాల వరి, మిరప ఈ నీళ్లమీదే ఆధారపడి ఉన్నాయి. కట్టమీద వెళ్లాలనుకుంటే పైభాగంలో, నేల పొడిగా ఉన్నప్పుడు, గేటు తెరిచి ఉంటేనే, నెమ్మదిగా. చెరువు కాపలా చూసే లస్కరు వద్దంటే మారుమాట లేకుండా దిగిపోవాలి. సోమశిల, కండలేరు జలాశయాల వైపు వెళ్లే నెల్లూరు వాళ్లకూ ఇదే మాట. ఇరిగేషన్ వాళ్లను అడక్కుండా కట్టలెక్కవద్దు.

గొర్రెలమంద ఎదురైతే సైకిల్ దిగి పక్కన నిలబడండి. గంట కొట్టుకుంటూ మధ్యలోంచి దూరితే మంద చెదిరి పైరుమీద పడుతుంది, తగువు కాపరికీ రైతుకూ. మిరప కల్లాల్లో ఆరబోసిన కాయలున్న దారిలోనూ దిగి నడిపించుకునే పోవాలి. అలుగు పారుతున్నప్పుడు కింద గుంటలో ఈతకు దిగవద్దు. తూము దగ్గర అసలు వద్దు, పైకి కదలకుండా ఉన్న నీళ్లు లోపల లాగుతుంటాయి. తిరిగొచ్చాక టైర్లకు అంటిన మట్టిని చెరువులో కడక్కుండా ఊళ్లోకి తెచ్చి కడగండి. వయ్యారిభామ, చిల్లకంప గింజలు ఆ మట్టితోనే కొత్తచోటికి పోతాయి.

అధికారులకు మా విన్నపం పెద్ద ఖర్చుది కాదు. ఇరిగేషన్ శాఖ, అటవీశాఖ కలిసి కంభం బస్టాండు దగ్గర ఒకటి, కట్ట మొదట్లో ఒకటి, కొండవార బాట మొదలయ్యేచోట ఒకటి, మూడు బోర్డులు పెట్టాలి. వాటిమీద సైకిల్‌కు అనుమతి ఉన్న దారి పచ్చరంగులో, లేనిది ఎర్రరంగులో గీసి ఉండాలి. కింద సుద్దతో రాసే నల్లటి పట్టీలో చెరువులో ఈ వారం నీటిమట్టం ఎన్ని అడుగులు, అలుగు పారుతోందా లేదా, ఏ చప్టా మునిగింది అన్నది లస్కరు సోమవారం, శుక్రవారం మార్చాలి. అవే మూడు సంగతులను మీ పత్రిక శుక్రవారం జిల్లా పేజీలో రెండు వరుసల్లో వేస్తే ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్లు సైకిళ్లు బండికెక్కించకముందే వాళ్లకు తెలిసిపోతుంది.

ఇట్లు,
కొండదారి సైకిళ్లు తొక్కే, బాగుచేసే కొందరు,
ఒంగోలు